ప్రకృతి చిత్రాలున్న టారో డెక్‌లలో దేనిని ఎంచుకోవాలి?

తంగేడుపూత, నల్లగొండ:

అందరికీ నమస్కారం. నేను ఇంతవరకు 1909 నాటి రైడర్-వెయిట్-స్మిత్ డెక్‌తోనే (కార్డుల కట్టతోనే) టారో చదువుతూ, అంటే ప్రశ్న అడిగినవారి ముందు బొమ్మల కార్డులు తిప్పి వాటి అర్థం చూస్తూ వచ్చాను. కార్డుల వరుస, నాలుగు వర్గాల స్వభావం, అంకెల అర్థాలు పుస్తకం తెరవకుండానే గుర్తుకు వస్తున్నాయి కాబట్టి, ఇప్పుడు మనుషుల బొమ్మలకు బదులుగా చెట్లు, జంతువులు, పక్షులు, ఋతువులు ఉన్న రెండో డెక్ ఒకటి తీసుకోవాలని ఉంది. చాలా వెతికిన మీదట నా చూపు రెండింటి దగ్గర ఆగింది. ఒకటి కిమ్ క్రాన్స్ గీసిన 'ది వైల్డ్ అన్‌నోన్'. రెండోది మార్క్ రయాన్, జాన్ మాథ్యూస్ రూపొందించగా విల్ వర్థింగ్‌టన్ చిత్రాలు వేసిన 'ది వైల్డ్‌వుడ్'. రెండూ విదేశీ సరుకే, రెండూ చవకైనవి కావు. రెండూ కొని చూసి ఒకదానిని మూలన పెట్టే స్తోమత నాకు లేదు.

నా దగ్గరికి వచ్చేవారు ఎక్కువగా తెలిసినవాళ్లే. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న పిల్లలు, మా వీధి ఆడవాళ్లు, అప్పుడప్పుడు మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి వచ్చే బంధువులు. నేను జోస్యం చెప్పను, డబ్బు తీసుకోను. కార్డును ముందు పెట్టి, దానిలో వారికి ఏమి కనిపిస్తున్నదో వారి చేతనే చెప్పిస్తాను. అందుకే బొమ్మ వారికి పరాయిదిగా ఉండకూడదు, అలాగని చూడగానే భయపెట్టేదిగానూ ఉండకూడదు.

నా సందేహమంతా ఇక్కడే ఉంది. వైల్డ్ అన్‌నోన్‌లో స్వోర్డ్స్ (కత్తులు) వర్గానికి గుడ్లగూబలు, వాండ్స్ (కర్రలు) వర్గానికి పాములు ఉన్నాయని చదివాను. ఇంటి మీద గూబ వాలితే శాంతి చేయించే ఊళ్ల నుంచి వచ్చినవారి ముందు ఆ కార్డు తిప్పితే, తరువాత నేను ఏమి చెప్పినా వారికి వినిపించదేమో. వైల్డ్‌వుడ్‌లోనేమో బ్రిటన్ అడవులు, అక్కడి మంచు, అక్కడి ఓక్ చెట్లు ఉన్నాయి, వాటిని నేనే చూడలేదు. ఈ రెండు డెక్‌లను నిజంగా వాడినవారు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పిల్లలమర్రినీడ, మహబూబ్‌నగర్:

తంగేడుపూత గారూ, రెండు డెక్‌లూ నా దగ్గర ఉన్నాయి. మీరు చెప్పిన పద్ధతిలో చదివేవారికి వైల్డ్ అన్‌నోన్ తగినదని నా అభిప్రాయం. అయితే అందులోని జంతువులు అందంగా ఉన్నాయని కాదు, దాని కట్టడం మీకు ఇప్పటికే తెలిసిన కట్టడం కనుక ఇలా చెబుతున్నాను.

ప్రకృతి డెక్ కొనేటప్పుడు చాలామంది మేజర్ ఆర్కానా (చంద్రుడు, మరణం, టవర్ వంటి ప్రధాన కార్డులు) 22 కార్డులు చూసి ముచ్చటపడతారు. అమ్మేవారు చూపించేవి కూడా అవే. రీడింగ్‌లో చేతికి ఎక్కువగా వచ్చేవి మాత్రం మైనర్ ఆర్కానా అనే మిగతా 56 కార్డులు. కొనే ముందు ఆ 56 కార్డుల బొమ్మలను చూడండి, ముఖ్యంగా అంకెల కార్డులను, ఆ తరువాత ప్రతి వర్గంలోనూ ఉండే నాలుగు కోర్ట్ కార్డులను. వైల్డ్ అన్‌నోన్‌లో వాండ్స్, కప్స్ (గిన్నెలు), స్వోర్డ్స్, పెంటకిల్స్ (నాణేలు) అనే పాత పేర్లే ఉన్నాయి. రాజు, రాణి, నైట్, పేజ్ స్థానాలలో తండ్రి, తల్లి, కొడుకు, కూతురు వస్తారు. వాండ్స్‌లో పాముల కుటుంబం, కప్స్‌లో హంసల కుటుంబం, స్వోర్డ్స్‌లో గూబల కుటుంబం, పెంటకిల్స్‌లో జింకల కుటుంబం. మన దగ్గర అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఇంటి చుట్టూనే తిరుగుతాయి కదా. అత్తగారు వేరు కాపురానికి ఒప్పుకుంటుందా, కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి పొలం చూసుకుంటాడా, అన్నదమ్ముల పంపకాలు ఎప్పుడు తెగుతాయి వంటి ప్రశ్నలకు 'ఇది తల్లి కార్డు' అని చెప్పగలగడం చాలా సులువు. గుర్రం మీద ఉన్న యూరప్ యోధుడిని చూపించి 'ఇతడు మీ చిన్నబ్బాయి' అని ఒప్పించడం కంటే ఇది నయం.

వైల్డ్‌వుడ్‌లో ఆ సౌకర్యం లేదు. అందులో వర్గాల పేర్లే మారిపోయాయి: స్వోర్డ్స్ స్థానంలో బాణాలు, వాండ్స్ స్థానంలో విల్లులు, కప్స్ స్థానంలో పాత్రలు, పెంటకిల్స్ స్థానంలో రాళ్లు. కోర్ట్ కార్డులన్నీ విడివిడి జంతువులు. బాణాల రాజు లకుముకి పిట్ట, పాత్రల రాజు కొంగ, విల్లుల రాజు పాము, రాళ్ల రాజు తోడేలు. మేజర్ కార్డులకు కూడా చాలావరకు కొత్త పేర్లు పెట్టారు. అంటే మీరు ఇంతవరకు నేర్చుకున్నదానిలో సగం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టవలసి ఉంటుంది. 2011లో వచ్చిన ఈ డెక్‌ను దాని పుస్తకం లేకుండా చదవడం నా వల్ల ఇప్పటికీ పూర్తిగా కాదు.

మరొక ఇబ్బంది ఋతువులు. ఆ డెక్ అంతా బ్రిటన్ సంవత్సర చక్రం మీద నిర్మించారు: బాణాలు వసంతం, విల్లులు వేసవి, పాత్రలు శరదృతువు, రాళ్లు శీతాకాలం. అక్కడ శీతాకాలమంటే భూమి గడ్డకట్టి, చెట్లు ఎండిపోయి, మనిషి ఓర్చుకుంటూ కూర్చునే కాలం. మన పాలమూరులో ఓర్చుకునే కాలం రోహిణి కార్తె. డిసెంబరులో మన చెల్కలలో వేరుశనగ పచ్చగా ఉంటుంది, చలికి ఎవరూ తలుపులు మూసుకుని కూర్చోరు. రాళ్ల వర్గం కార్డు వచ్చినప్పుడల్లా లోపల ఒకసారి లెక్క మార్చుకోవలసి వస్తుంది. ఎదుటివారు ప్రశ్న అడిగి ఎదురుచూస్తుండగా ఆ లెక్క మార్చుకోవడం చిరాకు.

వైల్డ్ అన్‌నోన్‌లో లోపం లేకపోలేదు. అంకెల కార్డులలో చాలావాటిలో జంతువులు ఉండవు. కర్రలు, కత్తులు, గీతలు మాత్రమే ఉంటాయి, రంగు కూడా పొదుపుగా వాడతారు. జంతువుల కోసమే కొంటున్నవారు ఆ కార్డుల దగ్గర నిరుత్సాహపడతారు. మీకు అంకెల అర్థాలు వచ్చునన్నారు కాబట్టి దాని గురించి నాకు దిగులు లేదు.

నల్లమలబాట, అచ్చంపేట:

పై సమాధానంలో కట్టడం గురించి చెప్పినది నిజమే కానీ, ఋతువుల గురించి చెప్పినదానితో నేను ఏకీభవించలేను. వైల్డ్‌వుడ్‌లో పాత్రల వర్గానికి శరదృతువును, నీటిని జత చేశారు. మన దగ్గర చెరువులు నిండుకుండలుగా ఉండేది ఎప్పుడు? వానలు ముగిసి, తంగేడు పూసి, బతుకమ్మను నీటిలో వదిలే రోజులలో. ఆ వర్గం కార్డు తిప్పి 'ఇది బతుకమ్మనాటి చెరువు' అని చెబితే నల్లగొండ ఆడపడుచులెవరికీ ఇంకొక వివరణ అక్కరలేదు. వేసవికి నిప్పును జత చేయడంలో మనకు అభ్యంతరం ఉండవలసిన పని అసలే లేదు. వసంతానికి గాలిని జత చేయడం కొంత అతకదు. మన గాలులు ఆషాఢంలో కదా వీచేది. రాళ్ల వర్గమొక్కటే పూర్తిగా ఎదురు తిరుగుతుంది, దానిని మండు వేసవిలోని బండలుగా చదువుకోవచ్చు. నాలుగింటిలో రెండు అచ్చంగా అతికి, ఒకటి సగం అతికితే, బ్రిటన్ అడవుల మీద కట్టిన డెక్ నుంచి అంతకంటే ఏమి ఆశిస్తాము?

జంతువుల విషయంలో వైల్డ్‌వుడ్ మనకు దూరమైనదేమీ కాదు. అమ్రాబాద్ అడవి అంచున ఉండేవారికి ఎలుగుబంటి, నక్క, కుందేలు కొత్తవి కావు. కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవారికి నీటికుక్క తెలుసు, కొంగ తెలుసు, వైరు మీద కూర్చుని నీటిలోకి సూటిగా దూకే లకుముకి పిట్ట ఇంకా బాగా తెలుసు. లకుముకి పిట్టను బాణాల రాజుగా పెట్టినవారి చూపును మెచ్చుకోవలసిందే. అది తొందరపడదు, వలయాలు తిరగదు, గురి కుదిరేదాకా కదలదు. 'నిర్ణయం తీసుకునే ముందు ఎంతసేపు ఆగాలి' అని అడిగిన ఒక గొర్రెల కాపరికి ఆ కార్డు వస్తే, నేను నోరు తెరవకముందే తానే వివరించాడు. సాల్మన్ చేప, లింక్స్ పిల్లి మాత్రం మనవి కావు, ఒప్పుకుంటాను. లింక్స్‌ను నేను అడవిపిల్లిగా చెబుతాను.

ఇక మరణం కార్డు. వైల్డ్‌వుడ్‌లో దానికి 'ది జర్నీ' అని పేరు పెట్టి, జంతువు పుర్రెను పొడుస్తున్న కాకి జాతి పక్షిని గీశారు. పెద్దకర్మనాడు పిండం దగ్గర కాకి కోసం ఎదురుచూసిన మనిషికి ఆ బొమ్మలో భయం కంటే ముందు పోయినవారు గుర్తుకు వస్తారు. ఆ డెక్‌లో హైరోఫాంట్ (మతగురువు) స్థానంలో ఉన్నది కూడా పూర్వీకుడే. వైల్డ్ అన్‌నోన్‌లో అదే కాకి జాతి పక్షిని తాళంచెవితో హైరోఫాంట్‌గా, అంటే గురువుగా కూర్చోబెట్టారు. మా వైపు ఎవరిని అడిగినా కాకిని పెద్దలతో ముడిపెడతారు తప్ప గురువుతో ముడిపెట్టరు.

పదహారో కార్డు టవర్‌కు వైల్డ్‌వుడ్‌లో పిడుగు పడిన ఓక్ చెట్టు ఉంటుంది. ఓక్ చెట్టును చూడలేదని మీరు వెనుకాడనక్కరలేదు. మొవ్వు మాడి, మోడుగా నిలిచిపోయిన తాటిచెట్టు మీ జిల్లాలో ఏ కల్లు మండువ దారిలోనైనా కనిపిస్తుంది. దానిని చూసినవారికి ఆ కార్డు తెలిసినట్టే.

ఏటిగట్టు, గద్వాల:

చెల్లెలా, నా మాట కొంచెం వేరు. రెండో డెక్ కొనే ముందు చేతిలో ఉన్నదానిని ప్రకృతి కోసం మరొకసారి చూడమంటాను. రైడర్ డెక్ బొమ్మలు వేసిన పమేలా కోల్‌మన్ స్మిత్ మొక్కలను, జంతువులను ఎక్కడా ఊరికే పెట్టలేదు. పెంటకిల్స్ తొమ్మిదిలో తోటలో నిలబడిన స్త్రీ చేతి మీద కళ్లకు గంత కట్టిన డేగ ఉంటుంది, కాళ్ల దగ్గర ఒక నత్త పాకుతుంటుంది. పెంటకిల్స్ రాణి పక్కన కుందేలు ఉంటుంది, వాండ్స్ రాణి ముందు నల్లపిల్లి కూర్చుంటుంది. చంద్రుడి కార్డులో కుక్క, తోడేలు, నీటిలో నుంచి పైకి వస్తున్న రొయ్యజాతి ప్రాణి ఉంటాయి. ఆ డేగను గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతారు. ఒకామె దానిని అదుపులో ఉన్న కోరిక అన్నది, ఇంకొకామె 'దానికి కళ్లు కట్టారు, పాపం' అన్నది. ఇద్దరి రీడింగూ ఆ మాటతోనే రెండు దారులు పట్టింది.

జంతువుల డెక్‌లలో మనుషుల కష్టం నేరుగా కనిపించదన్నది నా ఫిర్యాదు. పెంటకిల్స్ అయిదులో వెలుగుతున్న కిటికీ కింద మంచులో నడుస్తున్న ఇద్దరు బీదవాళ్లను చూసి, వలస పోయి వచ్చిన కుటుంబంవారు ఏమీ అడగకుండానే కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ పని జింక బొమ్మ చేస్తుందని నాకు నమ్మకం లేదు.

కొనాలనే నిశ్చయించుకుంటే ఒక జాగ్రత్త చెబుతాను. కిమ్ క్రాన్స్ పేరుతోనే 'యానిమల్ స్పిరిట్' అనే మరొక డెక్ ఉంది. అది ఒరాకిల్ డెక్. అందులో మేజర్, మైనర్ విభజన ఉండదు, టారోలోని నాలుగు వర్గాలు ఉండవు. పేరు చూసి పొరపడి అదే తెప్పించుకున్నవారు ఉన్నారు. ఇక మామూలు ధరలో నాలుగో వంతుకే ఇస్తామనేవి చాలావరకు నకిలీలు. కార్డు చిన్నదిగా ఉంటుంది, పుస్తకానికి బదులు స్కాన్ చేసుకొమ్మని ఒక చతురస్రం అచ్చు వేస్తారు, నలుపు రంగు బూడిదలా కనిపిస్తుంది. నలుపు తెలుపు గీతల మీదనే ఆధారపడిన వైల్డ్ అన్‌నోన్‌కు నకిలీ దొరికితే డబ్బు దండుగే.

తంగేడుపూత, నల్లగొండ:

ముగ్గురికీ ధన్యవాదాలు. కోర్ట్ కార్డుల గురించి చదివిన తరువాత నా మనస్సు వైల్డ్ అన్‌నోన్ వైపే మొగ్గుతున్నది. వైల్డ్‌వుడ్‌ను నల్లమలబాట గారు అంత చక్కగా చదవగలుగుతున్నారంటే అది వారు అడవి అంచున ఉండడం వల్ల కూడా కావచ్చు. నేను టౌనులో పెరిగినదాన్ని, లకుముకి పిట్టను కూడా ఫోటోలోనే చూశాను. గద్వాల అక్క చెప్పిన మాట కూడా సమంజసమే కాబట్టి పాత డెక్‌ను పక్కన పెట్టను.

రెండు ప్రశ్నలు మిగిలాయి. గూబలనూ పాములనూ ఎదుటివారి ముందు ఎలా తెరవాలి? తలకిందులుగా వచ్చిన కార్డులను కూడా నేను చదువుతాను, ఈ డెక్‌లో అది కుదురుతుందా?

పిల్లలమర్రినీడ, మహబూబ్‌నగర్:

మొదటిదానికి నేను చేసేది చెబుతాను. కార్డులు కలపక ముందే నాలుగు తల్లి కార్డులను తీసి, పాము, హంస, గూబ, జింక, వీటిని వరుసగా బల్ల మీద పెడతాను. 'వీటిలో మీకు ఇష్టమైనది ఏది, ఇష్టం లేనిది ఏది' అని అడిగి, వారు చెప్పిన జవాబును మనస్సులో ఉంచుకుంటాను. భయపడేవారు ఆ భయాన్ని అప్పుడే బయటపెడతారు. తరువాత రీడింగ్ మధ్యలో గూబ వచ్చినా ఉలిక్కిపడరు, 'మళ్లీ ఇదే వచ్చింది చూడు' అని నవ్వేవారు కూడా ఉన్నారు. స్వోర్డ్స్ వర్గం మొత్తం ఆలోచనలకు, ఆందోళనలకు సంబంధించినది. రాత్రంతా మేలుకుని ఉండే పక్షిని అక్కడ పెట్టడంలో అర్థం ఉంది. 'రాత్రి పన్నెండు దాటినా మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆలోచన ఏది' అని అడిగితే గూబ కీడు సంగతి పక్కకు పోయి అసలు సంగతి బయటికి వస్తుంది. గ్రూప్స్‌కు చదివే పిల్లల దగ్గర ఈ ప్రశ్న ఒక్కసారి కూడా వృథా పోలేదు.

పాము విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. పెళ్లి ఆలస్యమవుతున్నదని వచ్చినవారి ముందు పాము కార్డు పడితే వారు వెంటనే నాగదోషం దగ్గరికి వెళ్లిపోతారు. మీరు ఆ మాటను ఖండించనూ వద్దు, బలపరచనూ వద్దు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే చేతులే పామును చూసి వణుకుతాయి. భక్తి, భయం రెండూ ఒకే ప్రాణి మీద ఉన్న సంగతిని గుర్తు చేసి, వారి ప్రశ్నలో కూడా అలా రెండూ కలిసి ఉన్న విషయం ఏదైనా ఉందేమో అడగండి. వాండ్స్ అంటే నిప్పు, పూనిక. పాము కుబుసం విడిచే తీరును ఆ కోణంలో చెప్పవచ్చు. అయినా ఒప్పుకోనివారికి మీ పాత డెక్ తీయండి, పట్టుబట్టవద్దు.

ఒక్క జంతువుకు ఒక్క అర్థం అని మాత్రం కంఠస్థం చేయకండి. వైల్డ్ అన్‌నోన్‌లో హంస కప్స్ వర్గానికి, అంటే నీటికి చెందినది. వైల్డ్‌వుడ్‌లో అదే హంస బాణాల రాణి, అంటే గాలికి చెందినది. మీరు రేపు వేరే డెక్ పట్టుకుంటే ఆ కంఠస్థం అడ్డు వస్తుంది.

నల్లమలబాట, అచ్చంపేట:

తలకిందుల కార్డుల గురించి నేను చెబుతాను, ఎందుకంటే వైల్డ్ అన్‌నోన్‌ను కొంతకాలం అరువు తెచ్చుకుని వాడాను. వీపు మీద లాంతరు మోస్తున్న తాబేలు (హెర్మిట్, అంటే ఏకాంతవాసి), కొమ్మ మీద కోడిపిల్లలాంటి పసిపక్షి (ఫూల్, అంటే అమాయకుడు) వంటి బొమ్మలున్న కార్డులలో ఏది నిలువు, ఏది తలకిందులు అనేది చూడగానే తెలుస్తుంది. గీతలు, కర్రలు మాత్రమే ఉన్న అంకెల కార్డులలో కొన్నింటిని తేల్చుకోవడానికి కింది పేరు చూడవలసి వస్తుంది. హాంగ్డ్ మ్యాన్ (తలకిందులుగా వేలాడే మనిషి) స్థానంలో ఉన్న గబ్బిలం దగ్గర మాత్రం తప్పకుండా తికమక పడతారు, ఎందుకంటే అది సరిగ్గా ఉన్నప్పుడే తలకిందులుగా వేలాడుతుంది, తిరగబడి వస్తే నిటారుగా నిలబడినట్టు కనిపిస్తుంది. దానిని ఎదుటివారికి వివరించే ముందు కార్డు అంచున ఉన్న పేరు ఎటువైపు ఉందో ఒకసారి చూసుకోండి.